మాసీ 1035 ట్రాక్టర్ వైరింగ్: కటౌట్‌తో నాలుగో ఆదివారం

ఈ ఆదివారం కూడా కటౌట్ డబ్బా (డైనమో నుంచి బ్యాటరీకి వెళ్లే చార్జింగ్‌ను అదుపు చేసేది) ముందే గడిచిపోయింది. కాకపోతే ఈసారి దొంగ దొరికాడు. కనీసం ఒకడు.

హారన్ మోగుతోంది, సెల్ఫ్ మొదటి నొక్కుకే తిప్పుతోంది, వెనక లైట్లు వెలుగుతున్నాయి. వాటి గురించి ఇంతే.

అసలు బాధంతా చార్జింగ్‌తో. మా బండికి పాత డైనమో, దాని కటౌటే ఇంకా ఉన్నాయి. ఒక వారం బ్యాటరీ కాగి నీళ్లన్నీ తాగేసింది, హెడ్‌లైట్ బల్బులు రెండూ మాడిపోయాయి. మరుసటి వారం పొలం నుంచి వస్తుంటే చార్జింగ్ హెచ్చరిక ఎర్ర బల్బు వెలిగింది, అసలు చార్జింగే లేదు. ఒకే బండికి ఈ రెండు రోగాలూ ఎలా వస్తాయో అర్థంకాక రాత్రిళ్లు నిద్ర పట్టలేదు.

మొదట డైనమోనే అనుమానించాను. డైనమో మీది డి (కరెంటు బయటికొచ్చేది), ఎఫ్ (ఫీల్డ్ కాయిల్‌ది) వైర్లు ఊడదీసి, ఆ రెండు టెర్మినళ్లనూ కలిపి నెమ్మదిగా రేస్ చేస్తే 18 వోల్టుల దాకా తడబడకుండా ఎక్కింది (20 దాటించకండి). ఫీల్డ్ పోయుంటే ఒక వోల్టు దగ్గరే ఆగేది, ఆర్మేచర్ (లోపల తిరిగే చుట్ట) అయితే నాలుగైదు దగ్గర. డైనమో నిర్దోషి. ఆ తర్వాత రెండు ఆదివారాలు కటౌట్ పాయింట్లు గీకుతూ, దాని వోల్టేజీ సర్దే స్క్రూ తిప్పుతూ పోగొట్టుకున్నాను. ముందే స్క్రూ ఉన్న చోటును చెల్లి నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టుకోవడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని.

ఈసారి స్క్రూను ఆ గుర్తు దగ్గరికే తెచ్చి, మళ్లీ ముట్టుకోలేదు. ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ మీద 16.3 వోల్టులు. మీటర్ నల్ల పిన్ను డైనమో బాడీకి, ఎర్ర పిన్ను కటౌట్ మీది ‘ఈ’ (ఎర్త్) టెర్మినల్‌కి పెట్టాను. సున్నా రావాల్సిన చోట 1.9! 16.3లోంచి అది తీసేస్తే 14.4. అంటే కటౌట్ పాపం తన పని తాను సరిగ్గానే చేస్తోంది, దాని కాయిల్‌కి అందుతున్నదే తక్కువ, అందుకే వోల్టేజీని ఎక్కువకి పోనిస్తోంది. ఆ ఎర్త్ పూర్తిగా వదిలేసినప్పుడు కాయిల్‌లో కరెంటే ఉండదు, పాయింట్లు కలవవు, ఎర్ర బల్బు వెలుగుతుంది. రెండు రోగాలకూ మూలం ఒకటే.

నెల కిందటే ఈ ఎర్త్‌ని ఓమ్స్‌లో చూసి 0.3 వస్తే బాగుందనుకున్నాను. ఇంజిన్ ఆపి చూశాను కదా! బండి వణికితే గానీ ఇది బయటపడదు.

ఆ ఎర్త్ వైరు నట్టు విప్పితే లగ్ (వైరు చివరి రేకు) కింద ఎర్ర పెయింటు. నిరుడు సంక్రాంతికి ముందు ఆ పెయింటు కొట్టిన మహానుభావుణ్ణి నేనే. లగ్ అంచు రెండే రెండు చోట్ల పెయింటును చీల్చుకుని ఇనుముకు తగులుతోంది, మిగతా చుట్టంతా పచ్చగా చిలుము. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషర్ వేసి బిగించాను. నమ్మకం చాలక ‘ఈ’ నుంచి డైనమో బాడీకి నేరుగా ఫినోలెక్స్ 2.5 వైరు కూడా లాగాను. ఇప్పుడు అక్కడ 0.04, బ్యాటరీ మీద 14.4.

లగ్‌కి సోల్డర్ పెట్టలేదు, గట్టిగా నొక్కించానంతే. సోల్డర్ ఆగిన చోట వైరు బిరుసెక్కి వణుకుకు అక్కడే తెగుతుందని నా నమ్మకం. మా ఊరి ఎలక్ట్రీషియన్ బాబాయి ఒప్పుకోడు. ఆయన లెక్కలో అసలు మందే వేరు: “ఆల్టర్నేటర్ ఎక్కించెయ్‌రా, పీడా పోద్ది.” విజయవాడ ఆటోనగర్‌లోనూ అదే మాట. తాత కొన్నప్పుడు ఉన్న డైనమో తిరుగుతున్నంత కాలం నేను దాన్ని తియ్యను.

ఇంకో దొంగ మిగిలాడు. నలభై నిమిషాలు నడిచి వేడెక్కాక, లైట్లు వేస్తే 14.4 కాస్తా 12.9కి జారుతోంది. బెల్టు బిగువు బాగానే ఉంది. డైనమోలోని కార్బన్ బ్రష్‌లు అరిగి హోల్డర్‌లో బిగుసుకుంటున్నాయేమో. వచ్చే ఆదివారం డైనమో వెనక మూత తీసి వాటి పొడవు కొలవాలి, అవి రాసుకునే రాగి చక్రం, కమ్యుటేటర్, తుడవాలి. అది తేలితే హెడ్‌లైట్లకు రిలే (స్విచ్ మీద భారం పడకుండా కరెంటు మోసేది) పెడతా, స్విచ్ కూడా వేడెక్కుతోంది.