గాలి కోసం కట్టిన ఇల్లు

నెల్లూరోళ్లకి విమానం అంటే మద్రాసే. పోయిన మే నెలలో అక్కడ ఎక్కి లండన్‌లో చెల్లెలింటికి వెళ్లాను. పెట్టెలో సగం మలైకాజాలు, నిమ్మకాయ పచ్చడి. మెళ్లో కెమెరా.

మూడో రోజు మేనల్లుడు "మామా, ఎవరూ ఉండని ఇల్లు చూపిస్తా రా" అని బేస్‌వాటర్‌కి తీసుకెళ్లాడు. లీన్‌స్టర్ గార్డెన్స్ అనే వీధి. వరసగా పొడుగాటి తెల్లటి ఇళ్లు. 23, 24 నంబర్ల ముందు ఆగాడు. స్తంభాలు, బాల్కనీలు, తలుపులు అన్నీ పక్కిళ్లలాగే ఉన్నాయి. "కిటికీలు చూడు" అన్నాడు. ఒక్క దానికీ అద్దం లేదు. అద్దం ఉండాల్సిన చోట బూడిదరంగు పెయింటు.

అది ఇల్లు కాదు, అయిదడుగుల మందం గోడ. 1860ల్లో మెట్రోపాలిటన్ రైల్వే అనే కంపెనీ ఇటువైపు భూగర్భ రైలు లైను తవ్వుకుంటూ వచ్చి ఇక్కడున్న రెండిళ్లు కూల్చేసింది. అప్పటివి ఆవిరి ఇంజన్లు. సొరంగంలో పొగ వదిలితే లోపల జనానికి ఊపిరాడదు. అందుకే దారిలో అక్కడక్కడా ఆకాశం కనిపించేలా కప్పు వేయకుండా వదిలారు. ఇంజను అక్కడికొచ్చి అప్పటిదాకా ఆపుకున్నదంతా వదిలేది. మరి గొప్పోళ్ల వీధిలో పన్ను ఊడినట్టు సందు కనిపిస్తే ఎట్లా? పరువు కోసం ముందు ఈ గోడ లేపారు.

ముప్పై ఫొటోలు తీశాను. ఏది చూసినా ఇల్లే. ఎవరికి చూపించినా "బాగుంది, ఎవరిల్లు?" అంటారు. నాకు చిరాకేసింది. వెనక వీధి పోర్చెస్టర్ టెరస్‌కి పోతే అక్కడ అడ్డంగా ఇంకో గోడ. మా వాడి భుజాలెక్కే వయసు నాది కాదు. చెయ్యెత్తి ఫోను గోడమీదికి పెట్టి గుడ్డిగా నొక్కాను. అందులో దొరికింది అసలు బొమ్మ: ఇంటి వీపు, దాన్ని పడిపోకుండా పట్టుకున్న దూలాలు, అడుగున పట్టాలు. ఇప్పుడు నడిచేవి కరెంటు రైళ్లే. గోడ మాత్రం అట్లానే ఉంది.

మర్నాడు ఇస్లింగ్టన్‌లో గిబ్సన్ స్క్వేర్. పార్కు మధ్యలో చిన్న గుడిలాంటి కట్టడం. విక్టోరియా లైను అనే భూగర్భ రైలు సొరంగానికి గాలి గొట్టం అది. మొదట యాభై అడుగుల కాంక్రీటు టవరు కడతామంటే అక్కడివాళ్లు ఒప్పుకోలేదట. అప్పుడు రేమండ్ ఎరిత్ అనే ఆర్కిటెక్టు 1970 నాటికి ఈ గుడి కట్టించాడు. పైన గోపురం ఉత్త జాలీ. లోపల దేవుడు లేడని తెలిసినా చెప్పులవైపు చూసుకున్నాను.

సెయింట్ పాల్స్ దగ్గర హెదర్విక్ అనే డిజైనరు చేసిన స్టీలు రెక్కలు కూడా చూశాం. కింద కరెంటు సబ్‌స్టేషన్ ఉంది, దాని గాలి కోసం. ఎండకి ధగధగలాడుతూ ఫొటోలో బ్రహ్మాండంగా వచ్చాయి. నా మటుకు అవి దాక్కోవడం చేతకానివి.

"లండనొచ్చి గాలి గొట్టాలు చూశావా అన్నా!" అని చెల్లెలు ఇప్పటికీ నవ్వుతుంది.

మూలాపేటలో ఇంటికొచ్చాక నాన్నకి ఫోనులో చూపించాను. పోస్ట్‌మాన్‌గా చేసి రిటైరైన మనిషి. నేను కథ మొదలుపెట్టేలోపే 23వ నంబరు తలుపు పెద్దది చేసి చూశాడు.

"చెల్లి వాళ్లింటి తలుపుకి ఉత్తరాలేసే కంత ఉందిరా. దీనికేదీ?"

ముప్పై ఫొటోలు తీసిన నాకు అది కనబడలేదు.