బీపీ పట్టీ చేతికి సరిపోయిందా?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగు ఇళ్లలో కడుపుతో ఉన్న కోడలు లావుగా ఉంటే "మనిషి నిండుగా ఉంది, రక్తానికేం లోటు" అనేస్తారు. ఆ మాట నమ్మకండి. ఒంట్లో కొవ్వు పెరిగేకొద్దీ తిన్న ఇనుము ఒంటబట్టడం తగ్గుతుంది. హిమోగ్లోబిన్ 11 గ్రాముల లోపు ఉంటే, మనిషి ఎంత నిండుగా కనిపించినా అది రక్తహీనతే.

155 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి గర్భానికి ముందే 60 కిలోలు దాటితే బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క) 25 పైన ఉన్నట్టు. మన దేశపు లెక్కలో అది ఊబకాయం. బీఎంఐ 30 దాటినవాళ్లు తొమ్మిది నెలల్లో 5 నుంచి 9 కిలోలు పెరిగితే చాలు. అలాగని కడుపుతో ఉండగా పస్తులుండకూడదు. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర పెంచుకోవాలి. "ఇద్దరి కోసం తిను" అని పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు గానీ, బిడ్డకు కావలసిన అదనపు తిండి చాలా కొద్ది.

అన్నిటికంటే ఎక్కువ పొరపాటు బీపీ దగ్గర జరుగుతోంది. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన టేపుతో చుట్టూ కొలవండి. 33 సెంటీమీటర్లు దాటితే మామూలు పట్టీ పనికిరాదు, పెద్దది కావాలి. చిన్న పట్టీ బిగించి చూస్తే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది, అక్కర్లేని మాత్రలు మొదలవుతాయి. "సిస్టర్ గారూ, పెద్ద పట్టీ ఉందా?" అని అడగడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. గుర్రపువాతం (గర్భంలో బీపీ పెరిగి ఫిట్స్ రావడం) ముప్పు లావుగా ఉన్నవాళ్లకు ఎక్కువ కాబట్టి ఆ అంకె నిజంగా కచ్చితంగా ఉండాలి. 140/90 చేరినా, తలనొప్పితో చూపు మసకబారినా, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

షుగర్ పరీక్ష మొదటి చెకప్‌లోనే చేయించాలి. 75 గ్రాముల గ్లూకోజు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, 5 నుంచి 10 నిమిషాల్లో తాగాలి. పరగడుపున ఉండక్కర్లేదు. రెండు గంటల తర్వాత 140, ఆపైన వస్తే గర్భిణి షుగర్. అరగంటలోపు వాంతయితే మర్నాడు మళ్లీ చేయాలి. మొదటిసారి బాగున్నా 24-28 వారాల మధ్య ఇంకోసారి తప్పదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగే ఉచిత చెకప్‌లో అడగండి.

పొట్టమీద కొవ్వు మందంగా ఉంటే టేపు కొలతతో బిడ్డ ఎదుగుదల సరిగ్గా తెలియదు, స్కానింగులోనూ కొన్ని భాగాలు మసగ్గా కనబడతాయి. మళ్లీ రమ్మంటే విసుక్కోకుండా వెళ్లండి.

మన వైపు ఇంకో చిక్కుంది. కాన్పుకి పుట్టింటికి ఆంధ్రలోని ఇచ్ఛాపురమో పాతపట్నమో రాష్ట్రం దాటి వెళ్తారు. కార్డూ రిపోర్టులూ ఇక్కడే ఉండిపోతాయి. వాటి జిరాక్సులు తీసి సంచిలో పెట్టండి. అక్కడ మత్తు డాక్టరు ఉన్నారో లేదో ముందే కనుక్కోండి. లావుగా ఉన్నవాళ్లకు వెన్నులో మత్తు ఇవ్వడం కష్టమవుతుంది, చివరి నిమిషంలో వెతికితే ఆలస్యమే. సిజేరియన్ అయితే కుట్టు పొట్ట మడతలో తడిగా ఉండి చీము పట్టొచ్చు. రోజూ తుడిచి, ఆరనిచ్చి, పొడి నూలుగుడ్డ మడతలో ఉంచాలి. డాక్టరు లేవమనగానే లేచి నాలుగడుగులు వేయాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు అప్పుడే ఎక్కువ. ఒక్క కాలే వాచి నొప్పెడితే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

గర్భంలో షుగర్ వచ్చినవాళ్లు కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి, ఈసారి పరగడుపున. బిడ్డ టీకా కూడా ఆ సమయానికే ఉంటుంది, ఒకే ప్రయాణంలో రెండూ అయిపోతాయి.