ఒడ్డు దగ్గర తడబడే లెక్క

సముద్రంలో తేలే ప్లాస్టిక్ ఎటు కొట్టుకుపోతుందో లెక్కగట్టే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాసుకుని, కొన్ని నెలలుగా దానితో కుస్తీ పడుతున్నాను. నడిసముద్రంలో లెక్క నేను అనుకున్నదానికంటే తేలికగానే కుదిరింది. నన్ను తిప్పలు పెట్టింది, ఇప్పటికీ పెడుతున్నది ఒడ్డుకు ముందున్న చివరి కొన్ని కిలోమీటర్లే.

పద్ధతి చెప్పడానికి సులువైనదే. ఒక్కో ముక్కను ఒక కణంగా భావించి, అది ఉన్న చోట నీటి వేగమెంతో ప్రవాహాల పటం నుంచి తీసుకుని, కాసేపు ఆ వేగంతో జరిపి, చేరిన చోట మళ్లీ అదే పని చేయాలి. నీటిపైకి పొడుచుకొచ్చిన భాగాన్ని గాలి నేరుగా నెడుతుంది కనుక గాలి వేగంలో ఒకటి నుంచి మూడు శాతం వరకు దానికి కలుపుతారు. అల సాగిపోయేటప్పుడు నీరు ఉన్న చోటే గుండ్రంగా తిరిగి ఊరుకోదని, ప్రతి అలకూ కాస్త ముందుకు జరుగుతుందని 1847లో గణిత, భౌతిక శాస్త్రవేత్త జార్జ్ స్టోక్స్ చూపారు. ఆ జరుగుడునూ కలపాలి. పటానికి అందని చిన్న సుడుల కోసం కొంత యాదృచ్ఛిక కదలికను జతచేస్తారు.

ఈ మాత్రం లెక్కతోనే నడిసముద్రంలో చాలా దూరం పోవచ్చు. 1992 జనవరిలో ఉత్తర పసిఫిక్‌లో ఒక ఓడ నుంచి సుమారు 28,800 ప్లాస్టిక్ స్నానపు బొమ్మలు నీటిపాలైతే, అదే ఏడాది నవంబరు నుంచి అవి అలాస్కాలోని సిట్కా పరిసరాల్లో ఒడ్డుకు చేరసాగాయి. సముద్ర శాస్త్రవేత్తలు కర్టిస్ ఎబ్బెస్మేయర్, జేమ్స్ ఇంగ్రహం ఆ దారిని కంప్యూటర్ మోడల్‌తో పోల్చి చూసుకోగలిగారు. 2011 జపాన్ సునామీ తర్వాత ఉత్తర అమెరికాకు ముందుగా చేరినవి కూడా గాలికి బాగా దొరికే బోయాలు, పడవల వంటివే.

ఒడ్డు దగ్గర కథ వేరు. ప్రపంచ సముద్రాల ప్రవాహ పటాలను గడులుగా విభజిస్తారు, ఒక్కో గడి తరచుగా డిగ్రీలో పన్నెండో వంతు, అంటే భూమధ్యరేఖ దగ్గర సుమారు 9 కిలోమీటర్లు ఉంటుంది. అలలు విరిగే చోటు, చిన్న చిన్న మలుపులు అందులో ఇమడవు, తీరరేఖ మెట్లుమెట్లుగా మారిపోతుంది. నేను మొదటిసారి ప్రోగ్రామ్ నడిపినప్పుడు మూడు చోట్ల కణాలు దట్టంగా పోగుపడ్డాయి. ఏదో కనిపెట్టేశానని ఒక రాత్రంతా సంబరపడ్డాను కూడా. మర్నాడు గడులను కొద్దిగా పక్కకు జరిపి మళ్లీ నడిపితే రెండు పోగులు వాటితోపాటే జరిగాయి! నేల దగ్గర ప్రవాహం వేగం సున్నాకు చేరుతుంది కానీ, నేను విడిగా కలిపిన గాలి, అలల వేగాలు సున్నా కావు. అవి కణాన్ని మెట్ల మూలల్లోకి నెట్టేస్తే, అక్కడి నుంచి బయటికి లాగే ప్రవాహం పటంలో లేదు. నేను చూసి మురిసింది ప్లాస్టిక్ పోగును కాదు, గడుల మూలను.

అందుకే చాలామంది ఒడ్డున పడడాన్ని ఒక సంభావ్యతగా పెడతారు: తీరపు గడిలో ఉన్న కణం సగటున ఇన్ని రోజులకు ఒడ్డెక్కుతుంది, ఇన్ని రోజులకు మళ్లీ నీటిలోకి జారుతుంది. ఆ రోజులు ఎన్నని పెట్టుకున్నామన్నదే ఫలితాన్ని శాసిస్తుంది. 2021లో విక్టర్ ఓనింక్ బృందం ప్రచురించిన ప్రపంచవ్యాప్త లెక్కలో, నేల నుంచి వచ్చిన తేలే ప్లాస్టిక్‌లో కనీసం 77 శాతం అయిదేళ్ల తర్వాత ఒడ్డునో తీరజలాల్లోనో ఉండిపోతుందని తేలింది. కానీ మొత్తం ప్లాస్టిక్‌లో ఒడ్డెక్కిన వాటా ఒక్కటే, ఎంచుకున్న విలువలను బట్టి, 31 నుంచి 95 శాతం దాకా మారింది. ఇంత వెడల్పైన అంతరాన్ని దాచకుండా చెప్పడం నాకు నచ్చింది.

ముక్క పరిమాణాన్ని కూడా పట్టించుకోక తప్పదు. అలల జరుగుడు ఉపరితలంలోనే బలంగా ఉంటుంది. 60 మీటర్ల పొడవైన అలకు అయిదు మీటర్ల లోతులోనే అది దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. పెద్ద ముక్కలు పైనే తేలుతూ అలలతో ఒడ్డు వైపు వస్తాయి, కంటికి ఆనని రేణువులు కల్లోలానికి లోపలికి కలిసిపోయి తప్పించుకుంటాయి. ఒకే కణంతో రెంటినీ సూచించిన నా పాత లెక్క ఇక్కడా తప్పే.

ఇప్పుడు ఒడ్డెక్కే వ్యవధిని రెండు రోజుల నుంచి వంద రోజుల దాకా మారుస్తూ, పెద్ద ముక్కలకూ రేణువులకూ విడివిడిగా నడుపుతున్నాను. మూడు పోగుల్లో అలలు సూటిగా వచ్చి తగిలే చోట ఉన్న ఒక్క పోగు, పెద్ద ముక్కల వరకు, ఏది మార్చినా అక్కడే నిలుస్తోంది. ప్రస్తుతానికి పటంలో దాన్ని మాత్రమే ఉంచాను.