నల్ల పావులతో 17 పాయింట్లు
నిన్న మహబూబ్‌నగర్ చెస్ టోర్నమెంటులో నా రేటింగ్ 1502, ఎదుటి కుర్రవాడిది 1802. పైగా నావి నల్ల పావులు. ఫ్రెంచ్ డిఫెన్స్ అనే ఆరంభం ఆడాను. అందులో నల్లవారి తెల్లగళ్ల శకటు కదలడానికి చోటుండదు. నల్గొండలో ఒంటిగది అద్దెవాడికి ఇరుకు కొత్తా!

ఇరవయ్యో ఎత్తులో అతను నా రాజు ముందున్న బంటును గుర్రంతో చంపి, దాన్ని బలికి వదిలాడు. నా చేతులు చల్లబడ్డాయి. పన్నెండు నిమిషాలు లెక్కపెట్టాను. గుర్రాన్ని చంపితే మంత్రితో చెక్ ఇస్తాడు, రాజు మూలకు జరుగుతాడు, ఆపైన? ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు! చంపేశాను.

తర్వాతి ఆటంతా ఓపికే, గెలిచాను. నా గుణకం, అంటే ఒక్క ఆటతో రేటింగ్ ఎంత మారగలదో చెప్పే అంకె, 20 కాబట్టి 300 ఎక్కువున్నవాడిని ఓడిస్తే 17 రేటింగ్ పాయింట్లు వస్తాయి. తిరుగు బస్సులో కల్వకుర్తి దాటేదాకా ఆ గుర్రాన్నే మళ్లీ మళ్లీ చంపుతూ కూర్చున్నాను.