సంజీవయ్య పార్కులో పిచ్చుకగూళ్ళు

హైదరాబాదు హఫీజ్‌పేటలో ఎంఎంటీఎస్ లోకల్ రైలెక్కగానే మా మూడేళ్ళ బాబు కిటికీకి అతుక్కుపోయాడు. ఆరేళ్ళ పాప వేళ్ళు మడుస్తూ స్టేషన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది: హైటెక్ సిటీ, బోరబండ, భరత్‌నగర్... ఫిబ్రవరి నెల, ఆదివారం ఉదయం. ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు లేరు కాబట్టి మా వారికి, నాకు, అత్తయ్యకు, పిల్లలకు అందరికీ కూర్చోవడానికి చోటు దొరికింది. బేగంపేట దాటాక వచ్చే స్టేషన్ పేరే సంజీవయ్య పార్క్. చంకలో నిద్రపోయే బిడ్డ, చేతిలో సంచి, ముందు ట్రాఫిక్కు అనే అవస్థ లేకుండా పిల్లలను ఆటకు తీసుకువెళ్ళగల దారి హైదరాబాదులో ఇదొకటి ఉందని తెలియని తల్లులకు నేను పనిగట్టుకుని చెబుతుంటాను.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న ఈ పార్కుకు దామోదరం సంజీవయ్య గారి పేరు పెట్టారు. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయినప్పుడు ఆయనకు 40 ఏళ్ళు కూడా నిండలేదని, దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి ఆయనేనని పాపకు నడుస్తూ చెప్పాను. శ్రద్ధగా విని, "ఆయన కూడా ఉయ్యాల ఊగేవారా?" అని అడిగింది.

"కర్నూలు జిల్లా పల్లెలో పుట్టారు. చెట్టుకు తాడు కట్టుకుని ఊగే ఉంటారమ్మా" అన్నారు అత్తయ్య.

లోపల 291 అడుగుల స్తంభం మీద జాతీయ జెండా ఉంది. 2016లో తెలంగాణ అవతరణ దినోత్సవం నాడు దాన్ని తొలిసారి ఎగరవేశారు. మా వారు బాబును భుజాల మీదికి ఎక్కించుకుని చూపించారు. వాడు ఒక్కసారి తల ఎత్తి చూసి, "దించు నాన్నా, జారుడుబల్ల!" అని కాళ్ళు తన్నుకున్నాడు.

పదకొండు గంటల దాకా ఉయ్యాల, జారుడుబల్ల, మళ్ళీ ఉయ్యాల. తర్వాత ఎండ పట్టిన రేకు మీద తొడలు చురుక్కుమనేసరికి బాబు ఏడుపు అందుకున్నాడు. చిన్నపిల్లలతో వెళ్ళేవారు జారుడుబల్ల మీద ముందు తమ అరచెయ్యి ఆనించి చూడాలి. ఆ రోజు నేను చూడలేదు. నా మనసు చివుక్కుమంది.

వాణ్ణి ఊరుకోబెట్టడానికి అత్తయ్య చెట్టు నీడలో ఇసుక ఉన్న చోటు చూసి చెప్పులు విప్పి కూర్చున్నారు. తాగే నీళ్ళ సీసా వంచి ఇసుక తడిపారు. కుడి పాదం మీద ఆ తడి ఇసుక కప్పి, అరచేత్తో తట్టి తట్టి గట్టిపరిచి, ఊపిరి బిగబట్టినట్టుగా మెల్లగా కాలు వెనక్కి లాగారు. గూడు నిలిచింది! ఏడుపు ఆగిపోయింది. గోదావరి ఒడ్డున పెరిగిన ఆవిడకు అరవై ఏళ్ళ నాటి పిచ్చుకగూడు అలాగే చేతిలో ఉంది.

పాప మొదటి గూడు కూలింది. రెండోదీ కూలింది. "కాలు కదిలించకు, ఇసుక సర్దుకోనివ్వు" అని నానమ్మ చెబుతుంటే, ఇంట్లో అయిదు నిమిషాలు ఒకచోట కూర్చోని పిల్ల రాయిలా కూర్చుంది. మూడోది నిలిచింది. పక్కన ఆడుకుంటున్న పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పాదాలు ఇసుకలో పెట్టారు. కాసేపటికి అక్కడ పదిహేను గూళ్ళు! పుల్లలతో దడులు, ఆకులతో తలుపులు, బాదం కాయలు పెట్టి గుజ్జనగూళ్ళు. మా ఫ్లాటు ఉన్నది అయిదో అంతస్తులో, కింద అంతా నాపరాళ్ళు. పిల్లలకు ఎన్ని బొమ్మలు కొన్నానో, ఇసుక మాత్రం ఇవ్వలేకపోయాను. ఆటస్థలం కట్టేవారు రంగుల ఇనుము కంటే ముందు రెండు చెట్ల నీడ, ఒక బండి ఇసుక తలచుకోవాలని గట్టిగా అనిపించింది.

పులిహోర తినమని పిలిస్తే ఎవరూ లేవలేదు. నేనే ముద్దలు చేసి, ఇసుక చేతులు ఎడంగా పట్టుకున్న పిల్లల నోళ్ళలో పెట్టాను. తెలియని పిల్లలు ఇద్దరు కూడా నోరు తెరిచారు, వాళ్ళ అమ్మ నవ్వుతూ సరేనంది.

తిరుగు రైల్లో బాబు నిద్రపోయాడు. పాప మళ్ళీ వేళ్ళు మడవడం మొదలుపెట్టి, "నానమ్మా, గోదావరి ఎన్నో స్టేషను?" అంది.

"ఇది అంత దూరం వెళ్ళదు తల్లీ. రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి దింపే రైలు వేరే ఉంది" అన్నారు అత్తయ్య.

మా వారు ఫోను తీసి వేసవి సెలవుల తేదీలు చూడసాగారు.