పుదుచ్చేరిలో చెట్ల నడకకు ప్లాన్

తిరుపతి నుంచి పుదుచ్చేరి పోయేవాళ్లు ఎక్కువగా ఫ్రెంచి వీధుల్లో పసుపు గోడల ముందు ఫొటోలు దిగి వచ్చేస్తారు. గైడ్ లేకుండా చెట్లూ పిట్టలూ చూస్తూ నడవాలంటే మాత్రం ఏ వైపు నుంచి మొదలెడతామన్నదే అసలు లెక్క.

సముద్రం తూర్పున ఉంది. బీచ్ రోడ్డులో నీడ తక్కువ. ఉదయం 7.30 దాకా బండ్లు రానివ్వరు. అందుకే తెల్లారుతూనే గాంధీ విగ్రహం దగ్గర మొదలెట్టి, భారతి పార్కు చూసుకుని, కాలువ దాటి, పడమరగా 1826 నాటి బొటానికల్ గార్డెన్‌కు చేరండి. సూర్యుడు వెనక ఉంటాడు కాబట్టి కొమ్మల్లో పిట్ట రంగు తెలుస్తుంది. తిరగేసి నడిచారో, ఎండ కళ్లలో కొట్టి కాకీ కోయిలా ఒకేలా కనబడతాయి, పది గంటలకు బీచ్‌లో మాడిపోతారు.

వీధులు గళ్లగళ్లుగా ఉంటాయి. పొద్దున ఉత్తర దక్షిణ వీధుల్లో తూర్పు గోడ వారగానే నీడ. తూర్పు పడమర వీధులను చకచకా దాటేయండి.

నేరుగా సుమారు 2 కిలోమీటర్లు, సందులు తిరిగితే 4. చెట్టు చెట్టుకూ ఆగితే కిలోమీటరుకు ముప్పావుగంట. మ్యాప్ చెప్పే టైమ్ నమ్మొద్దు. ముందు మన ఎస్వీ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఓసారి నడిచి మీ వేగం చూసుకోండి.

అక్కడి ఉక్కకు మనిషికి లీటరున్నర నీళ్లు కావాలి. ఏసీ రూమ్ నుంచి తెచ్చిన బైనాక్యులర్ అద్దాలకు ఆవిరి పడుతుంది, పావుగంట ముందే బయట పెట్టండి. నవంబరు వద్దు, మనకు ముసురు పట్టేటప్పుడే అక్కడా వానలు.