షేక్ జాయెద్ రోడ్డు మీద మా స్టేషన్

దుబాయ్ మెట్రో 2009 సెప్టెంబర్ 9న మొదలైనప్పుడు తెరిచినవి పది స్టేషన్లే. వాటిలో షేక్ జాయెద్ రోడ్డు మీదున్న మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్ ఒకటి. ఏసీ మెయింటెనెన్స్ పనికి నేను రోజూ ఎక్కి దిగేది ఇక్కడే. స్టేషన్ కప్పు ముత్యపు చిప్ప బోర్లించినట్టు ఉంటుంది. చమురు దొరక్కముందు దుబాయ్ బతికింది సముద్రంలో ముత్యాలు ఏరుకునే కదా, ఆ గుర్తుకే అలా కట్టారు.

మొన్న సెలవు మీద కడపకి వచ్చినప్పుడు, డిప్లొమా సివిల్ చదివే మా అక్క కొడుకు పట్టుకున్నాడు. "మామా, అంత ఎత్తులో స్టేషన్ ఎట్లా నిలబెట్టినారు?" వరండాలో నల్ల బండల మీదే సుద్దముక్కతో గీసి చూపించా. పన్నెండు లేన్లున్న రోడ్డు, దాని పక్కనే స్తంభాల మీద రైలు వంతెన. స్టేషన్ కింది అంతస్తులో టికెట్ గేట్లు, నోల్ కార్డు (మెట్రో, బస్సు ఛార్జీ కట్టే కార్డు) రీచార్జి కౌంటర్. పై అంతస్తులో మధ్యన పట్టాలు, అటొకటి ఇటొకటి ప్లాట్‌ఫారాలు. ఎటు పోవాలో కిందే చూసుకుని ఎక్కాలి, లేదంటే మళ్ళీ దిగి రావాల్సిందే.

ప్లాట్‌ఫారం అంచున నిలువెత్తు అద్దాల తలుపులు. డ్రైవర్ లేని రైలు సరిగ్గా వాటి ఎదురుగా వచ్చి ఆగుతుందంటే వాడికి భలే అనిపించింది. ఆ అద్దాల్ని చూస్తే నాకు మా పనే గుర్తొస్తుంది. అవి లేకపోతే, బయట 45 డిగ్రీల ఎండ కాసే రోజున, ఎన్ని మిషన్లు పెట్టినా ఆ హాలు చల్లబడదు.

నన్నడిగితే అన్నిటికన్నా గొప్పది, స్టేషన్ నుంచి రోడ్డు మీదుగా అవతలికి పోయే ఫుట్‌బ్రిడ్జి. ఆ రోడ్డు నడిచి దాటితే జరిమానా, పైగా ప్రాణాల మీదికి వస్తుంది. మెట్రో రాకముందు ఎదురుగా కనిపించే బిల్డింగుకి కూడా టాక్సీలో చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చేదని పాతవాళ్ళు చెబుతారు. ఇప్పుడు ఏసీ వంతెన మీద నడిచి పోతాం. రైలెక్కనివాళ్ళు కూడా టికెట్ లేకుండా దాటొచ్చు. భుజాన టూల్ బ్యాగుతో మధ్యాహ్నం పూట అటు నుంచి ఇటు వచ్చేవాళ్ళకు అదెంత మేలో!

2024 ఏప్రిల్ 16న పడ్డ వాన మాత్రం ఎవరూ మరిచిపోరు. పట్టాలు పైనే ఉన్నా రోడ్లూ స్టేషన్ దారులూ ఉండేది నేల మీదే, అవి నీళ్ళలో మునిగాయి. ఆన్‌పాసివ్, ఈక్విటీ, మష్రెక్, ఎనర్జీ స్టేషన్లు మూతపడి, మే నెలలో గానీ తెరవలేదు. మష్రెక్ దగ్గర గదుల్లో ఉండే మావాళ్ళు అన్నాళ్ళూ బస్సులు పట్టుకునే డ్యూటీకి వచ్చారు. (ఈ మష్రెక్‌కి పాతపేరు షరాఫ్ డీజీ. అక్కడ స్టేషన్ పేర్లు కంపెనీలకు అమ్ముతారు. ఊరి నుంచి కొత్తగా వచ్చే పిల్లలకు దారి చెప్పేటప్పుడు పాత పేరూ కొత్త పేరూ చెప్పండి, లేదంటే టెన్షన్ పడతారు.)

ఇప్పుడు మెట్రోకి 30 కిలోమీటర్ల కొత్త మార్గం, బ్లూ లైన్, కడుతున్నారు, 14 స్టేషన్లతో, 2029లో తెరవాలని. అది ఇంటర్నేషనల్ సిటీ మీదుగా పోతుంది. తక్కువ అద్దెల కోసం అక్కడ చేరిన మనవాళ్ళు పొద్దున్నే బస్సుల కోసం పడిగాపులు పడుతున్నారు. ఆ స్టేషన్లకు కూడా రోడ్డుకి రెండు వైపులా దిగే ఇలాంటి వంతెనలు కట్టాలని నా కోరిక.